విశ్వం గారికి నమస్కారం

మా విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. రాయడానికి అనుమతి కోరుతూ జూన్‌లో దరఖాస్తు పెట్టుకున్నాను. అది ఇప్పుడు ఏ బల్ల మీద ఉందో ఆ బల్లకే తెలియాలి. ప్రస్తుతానికి ఉత్తరాంధ్రలో ఏదో ఒక కొండ పక్కన, జీడిమామిడి తోటల మధ్య ఉందనుకోండి.

నా పేరు పొట్నూరు హైమావతి. మొదటి సంవత్సరం పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగులో ఓనమాలు దిద్దిస్తాను. పదకొండేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్ని. అంటే ఏటా మే నెలాఖరుకి ఉద్యోగం మానేసి, జూన్ పదిహేనున కొత్తగా చేరుతుంటాను. మధ్యలో ఆ పదిహేను రోజులూ నేనెవరో విశ్వవిద్యాలయానికి తెలియదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు ఎక్కడివాళ్లయినా మొట్టమొదట చేసే పని ఒకటుంది. కంప్యూటర్ తెర మీద 'హలో, వరల్డ్' అనే రెండు ముక్కలు కనిపించేలా చేస్తారు. ప్రపంచానికి ఒక పలకరింపు, అంతే. ఎవరో పెద్దవాళ్లు మొదలుపెట్టారు, తరవాతివాళ్లు పాటిస్తున్నారు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పెట్టించడం లాంటిదే.

ఆగస్టు రెండో వారంలో మా అరవైమంది పిల్లల చేతా వేలు పెట్టించాను. అందరికంటే ముందు ముగించింది మజ్జి పైడితల్లి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, కంప్యూటర్ని ముట్టుకోవడం అదే మొదలు. ఒక్కో అక్షరం ఎక్కడుందో వెతికి వెతికి నొక్కింది. సెమీకోలన్ మరిచిపోయి రెండుసార్లు చీవాట్లు తింది. నా చేత కాదు, కంప్యూటర్ చేత. మూడోసారి తెర మీద ఆ రెండు ముక్కలూ రాగానే కుర్చీలోంచి లేచిపోయింది.

"మేడమ్! ఇన్నాదండి! నాను సెప్పమన్నది సెప్పీసిందండి!"

సరిగ్గా అప్పుడే డిప్యూటీ రిజిస్ట్రార్ దక్షిణామూర్తి గారు తనిఖీకి వచ్చారు.

ఆయన రాకకు వారం ముందు ఒక సర్క్యులర్ వచ్చింది. మా కార్యాలయంలో ఒక ఉత్సాహవంతుడు విశ్వవిద్యాలయం తరఫున ఒక ప్రముఖుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపాడు. 'నిండు నూరేళ్లు వర్ధిల్లాలి' అని కూడా రాశాడు. ఆ ప్రముఖుడు పోయి అప్పటికి రెండేళ్లయింది. ఆయన కుటుంబం నొచ్చుకుంది. మావాళ్లు సంతాపం తెలియజేశారు. దాని పర్యవసానంగా వచ్చిన సర్క్యులర్ ఇది:

'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, విశ్వవిద్యాలయ ఆవరణ నుండి బయటి వ్యక్తులకు గాని, సంస్థలకు గాని, ఇతరత్రా అస్తిత్వములకు గాని పంపబడు ఎట్టి పలకరింపు, అభినందన, సంతాపము అయినను సరైన మార్గము ద్వారా మాత్రమే వెళ్లవలెను. అతిక్రమించిన వారిపై తగు చర్య తీసుకొనబడును.'

దక్షిణామూర్తి గారు అరవై తెరల ముందూ ఆగారు. అరవై తెరల మీదా ఒకే మాట. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఎవరమ్మా ఈ వరల్డ్?"

"వరల్డ్ అంటే ప్రపంచం సార్."

"అది నాకు తెలుసు. మన విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారా?"

"లేదు సార్."

"విద్యార్థా?"

"కాదు సార్."

"అంటే బయటి వ్యక్తి. పోనీ, ఇతరత్రా అస్తిత్వం. సదరు అస్తిత్వాన్ని మొదటి సంవత్సరం పిల్లలు, విశ్వవిద్యాలయం వారి కంప్యూటర్ల మీద, విశ్వవిద్యాలయం వారి కరెంటుతో నేరుగా పలకరిస్తున్నారు. అదీ ఇంగ్లీషులో. అదీ 'హలో' అని!" ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "అనుమతి వచ్చేదాకా ఆ లైను ఆపించండి. పాఠం ఆపనక్కర్లేదు. ఆ ఒక్క లైనే."

అరవైమంది చేతా ఆ ఒక్క లైను చెరిపించాను. పైడితల్లి చెరపకుండా నా మొహంలోకి చూసింది. "తప్పు రాసినానాండి?" అని అడిగింది. తప్పు కాదమ్మా, తొందరపడ్డావు, అన్నాను.

ఇక్కడ మా రికార్డు సంగతి చెప్పాలి. ల్యాబులో చేసిన ప్రతి ప్రోగ్రామునూ పిల్లలు రికార్డు పుస్తకంలో చేత్తో రాయాలి. గీతలున్న కుడి పేజీలో నీలం సిరాతో ప్రోగ్రాము, గీతల్లేని ఎడమ పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. కంప్యూటర్ ఏం చెప్పిందో అదే అవుట్‌పుట్. అది ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టకూడదు. మొదటి ప్రోగ్రాము మీద సంతకం లేకపోతే రెండోదానికి వెళ్లకూడదు. నవంబరు ముప్ఫైకల్లా ఆ సంతకం పడని విద్యార్థిని పరీక్షకు రానివ్వరు, ఏడాది పోతుంది.

ఆ వారమే పైడితల్లి వరండాలో నన్ను ఆపింది.

"సంతకం అవ్వకపోతే హాస్టల్ సీటు తీసీస్తారంట కదండి?"

"నవంబరు దాకా టైముంది, అయిపోతుందిలే."

"మా అమ్మకి నాను సదవడం ఇష్టమేనండి. మా పెదనాన్నకే ఇష్టం నేదు. ఒకపాలి ఇంటికొచ్చీసినానంటే మరి తిరిగి పంపరండి."

ఆ మాట ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే ఏదో ఓదార్చి పంపేసేదాన్ని. మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ తపాలు సెక్షన్ సూపరింటెండెంటు కామేశ్వరమ్మ గారు. ఆవిడ నంబరు వేయనిదే ఈ ఆవరణలోకి కాగితం రాదు, ఆవరణలోంచి కాగితం పోదు. బయటివారిని పలకరించడానికి ఒక ఫారం తయారుచేసి పెట్టుకున్నారు. నన్ను కూర్చోబెట్టి తనే నింపడం మొదలుపెట్టారు.

"పలకరింపబడువారి పేరు?"

"ప్రపంచం."

"తండ్రి పేరు?"

"లేదండి."

"లేదు అని రాయకూడదు. 'తెలియరాలేదు' అని రాస్తాను. చిరునామా?"

"అంతటా ఉంటుంది కదండీ."

"పిన్‌కోడ్ లేకుండా అంతటా అని ఎలా రాస్తానమ్మా? సర్లే, ఖాళీ వదులుతాను. మనతో వారికి సంబంధం?"

కాస్త ఆలోచించి, "మనం అందులోనే ఉంటున్నామండీ" అన్నాను.

కామేశ్వరమ్మ గారు కలం ఆపారు. "అద్దెకా?"

ఫారం పదకొండు బల్లలు తిరగాలి. సెప్టెంబరులో నాలుగు తిరిగింది. అయిదో బల్ల ఆయన కూతురి పెళ్లికి సెలవు పెట్టారు. ఫైలు కూడా ఆయన బీరువాలోనే సెలవులో ఉండిపోయింది.

ఈలోగా పిల్లలు ఆ లైను లేకుండానే ప్రోగ్రాము రాస్తున్నారు. అంటే మొదలుపెట్టడం, ముగించడం, మధ్యలో ఏమీ లేదు. నడిపిస్తే నడుస్తుంది, ఏమీ చెప్పదు. దక్షిణామూర్తి గారు రెండోసారి తనిఖీకి వచ్చినప్పుడు అరవై తెరలూ నిశ్శబ్దంగా ఉన్నాయి.

"ఇప్పుడు ఏం చేస్తోంది ఇది?"

"ఏమీ చెయ్యట్లేదు సార్."

"తప్పులేమైనా చూపిస్తోందా?"

"లేదు సార్. ఒక్క తప్పు కూడా లేదు."

ఆయన మొహం విప్పారింది. "చూశారా! దీన్నే పద్ధతి అంటారు. కార్యాలయాలన్నీ ఇలా నడిస్తే ఎంత బావుంటుంది!" అని, పిల్లలందర్నీ మెచ్చుకుంటూ సందర్శకుల పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి వెళ్లారు.

పైడితల్లి తన రికార్డు తెచ్చి చూపించింది. కుడి పేజీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఎడమ పేజీ తెల్లగా ఉంది.

అక్టోబరు చివర్లో ఫైలు మీద ఒక రిమార్కు పడింది: 'సూత్రప్రాయముగా అంగీకారమే. అయితే సంబోధన గౌరవప్రదముగా లేదు.' దాంతో గౌరవ సంబోధన ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షత దక్షిణామూర్తి గారిది. భాష విషయం కాబట్టి తెలుగు శాఖాధిపతి గారు వచ్చారు. నాకు వెనక కుర్చీ వేశారు.

"హలో ఏమిటండీ హలో! ఫోనులో రాంగ్ నంబరు వాడు కూడా హలో అంటాడు" అన్నారు శాఖాధిపతి. "నమస్కారం అనాలి. ఎవరికి నమస్కారం? ప్రపంచానికి నమస్కారం అంటే ఏకవచనం, మర్యాద లేదు. వయసులో మనకంటే పెద్దది కదా, గారు ఉండాలి."

"ప్రపంచం గారు" అని దక్షిణామూర్తి గారు నోట్లో వేసుకుని చూశారు. నచ్చలేదు. "ఎక్కడో తంతోంది."

"లోకం గారు?"

"లోకం గారంటే మనల్ని ఆడిపోసుకునే మనిషిలా ఉంది."

"జగత్తు గారు?"

"గొంతులో ముల్లు పడ్డట్టుంది."

"భువనం గారు?"

"ఆడవారా మగవారా తేలట్లేదు. అభ్యంతరాలు వస్తాయి."

టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి. రెండో టీ దగ్గర శాఖాధిపతి గారు కప్పు కింద పెట్టి నెమ్మదిగా అన్నారు, "విశ్వం గారు."

గదిలో అందరూ ఒకసారి లోపల్లోపల అనుకుని చూసుకున్నారు. విశ్వం గారు. ఎంత సహజంగా ఉంది! పంచె కట్టుకుని, భుజాన కండువాతో మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే ఉంది. ఏకగ్రీవంగా తీర్మానించారు. 'విశ్వం గారికి నమస్కారం' అనే వాక్యం మీద అయిదుగురు సంతకాలు చేశారు. చివర్న దక్షిణామూర్తి గారు ఒక షరతు చేర్చారు: 'నమస్కరింపబడువారికి ముందస్తు సమాచారము ఇచ్చి, వారి నిరభ్యంతర పత్రము పొందిన పిమ్మట మాత్రమే సదరు నమస్కారము పెట్టవలెను.'

నవంబరు ఇరవైన కామేశ్వరమ్మ గారు ఆ పత్రం కోరే ఉత్తరానికి నంబరు వేశారు. కవరు మీద 'శ్రీ విశ్వం గారికి' అని రాశారు. చిరునామా గడి అప్పటికీ ఖాళీగానే ఉంది. అటెండరు సింహాద్రిని పిలిచి, "ఈ విశ్వం గారెవరో తెలుసా?" అని అడిగారు.

"ఇశ్శం తెలీనోడు ఈ కేంపస్‌లో ఎవుడున్నాడమ్మా? ఎనక గేటు కాడ ఉంటాడు కదా."

మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చాడు. "ఇచ్చీసినానమ్మా. సంతకం కూడా ఎట్టించీసినాను."

వెనక గేటు దగ్గర ఇరవై రెండేళ్లుగా ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద 'విశ్వం జిరాక్స్, రికార్డులు అమ్మబడును, అట్టలు వేయబడును' అని ఉంటుంది. యజమాని విశ్వేశ్వరరావు. అందరికీ విశ్వం. పిల్లలూ, లెక్చరర్లూ, నేనూ కూడా, అద్దం తలుపు మీద వేళ్లతో కొట్టి 'విశ్వం, రెండు కాపీలు' అంటాం.

ఆ సాయంత్రం విశ్వం షాపు కట్టేసి ల్యాబుకు వచ్చాడు. చేతిలో ఆ కవరు ఉంది.

"మేడమ్, నాకేదో నోటీసు ఒచ్చింది. షెడ్డు తీసీమన్నారేటో అని ఒణుకుతా సదివినాను. మూడు పాలులు సదివినాను. నమస్కారం ఎట్టుకోడానికి నా పరిమిషన్ అడుగుతన్నారు. ఏటిది? ఎగతాళా?"

ఉత్తరం తీసుకుని చదివాను. 'విషయము: తమకు నమస్కారము పెట్టుటకు అనుమతి కోరుట గురించి.' పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే తెలిసింది. ఉన్న మాట చెబితే ఉత్తరం వెనక్కి పోతుంది. చిరునామా కనుక్కోవడానికి ఇంకో ఉపసంఘం వేస్తారు. నవంబరు ముప్ఫైకి పది రోజులుంది. పక్క గదిలో పైడితల్లి ఖాళీ ఎడమ పేజీకి పెన్సిల్‌తో అంచు గీతలు గీసుకుంటోంది.

"ఎగతాళి కాదు విశ్వం... గారూ" అన్నాను. ఆ గారు నోట్లోంచి రావడానికి కొంచెం కష్టపడింది, సిగ్గేసింది. "అరవైమంది పిల్లలు మీకు నమస్కారం పెడతారు. మీకేమైనా అభ్యంతరం ఉందా?"

"నమస్కారం ఎడతానంటే ఎవలికైనా అబ్యంతరం ఉంటాదా మేడమ్?"

"అదే రాసివ్వండి."

రాసిచ్చాడు. నిరభ్యంతర పత్రం ఫైల్లో చేరింది. ఇరవై ఎనిమిదో తారీఖున దక్షిణామూర్తి గారు నన్నూ, కామేశ్వరమ్మ గారినీ పిలిపించారు. పత్రం ఆయన చేతిలో ఉంది. దాన్ని తిప్పి చూపించారు. వెనకాల అచ్చులో జిరాక్సు షాపు బిల్లు ఉంది.

"ఇదేమిటి? ఈయన వెనక గేటు విశ్వం! మనం అనుమతి అడగాల్సింది విశ్వాన్ని. మొత్తం విశ్వాన్ని!" ఆయన మొహం ఎర్రబడింది. "ఫైలు రద్దు చేయండి. మళ్లీ మొదటి బల్ల నుంచి రావాలి."

పిల్లల ఏడాది పోతుంది సార్ అని అందామనుకున్నాను. ఆ మాట సర్క్యులర్లో ఎక్కడా లేదు.

కామేశ్వరమ్మ గారు నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. ఆవిడకు పిల్లలతో పనిలేదు, నంబరుతో పని. నంబరు వేసిన కాగితాన్ని రద్దు చేయడం ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో జరగలేదు.

"సార్, రద్దు చేయాలంటే అయిదు సంతకాలు తప్పని రాయాలి. అందులో మొదటిది తమరిది."

దక్షిణామూర్తి గారు ఫైలు తిరగేసి తన సంతకం చూసుకున్నారు.

"తప్పని ఎందుకు రాయాలి సార్? మనది ఏం సంస్థ?"

"విశ్వవిద్యాలయం."

"అంటే విశ్వం గారి విద్యాలయమే కదా సార్. ముప్ఫై ఏళ్లుగా ముందు గేటు మీద అదే బోర్డు. వెనక గేటు దగ్గర విశ్వం గారే ఉన్నారు. రికార్డు ప్రకారం మన విశ్వం గారు ఈయనే. వేరే విశ్వం గారు ఉన్నట్టు మన దగ్గర ఒక్క కాగితం కూడా లేదు."

ఆయన కిటికీలోంచి ముందు గేటు వైపు చూశారు. తరవాత ఆకుపచ్చ సిరా కలం తీసి ఫైలు మీద 'పరిశీలించితిని. ఆమోదించితిని' అని రాశారు. ఆ ఆకుపచ్చ అంత అందమైన రంగని నాకు అంతకుముందు తెలియదు.

నవంబరు ముప్ఫై, మధ్యాహ్నం మూడింటికి ల్యాబులో ప్రథమ నమస్కార కార్యక్రమం. గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. విశ్వం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరసలో దక్షిణామూర్తి గారి పక్క కుర్చీ వేశారు. కూర్చోవడానికి భయపడి అంచున ఆనుకున్నాడు.

నేను ఊఁ అన్నాను. అరవైమంది ఒకేసారి మీట నొక్కారు. అరవై తెరల మీద తెలుగు అక్షరాల్లో 'విశ్వం గారికి నమస్కారం' అని వచ్చింది.

విశ్వం లేచి నిలబడ్డాడు. ఒక్కో తెరా చూస్తూ వరస వెంట నడిచాడు. ఇరవై రెండేళ్లలో ఈ ఆవరణలో నలుగురి ముందు ఎవరూ అతన్ని గారు అనలేదు. ఇవాళ ఒక్కసారే అరవైమంది అన్నారు. పైడితల్లి తెర దగ్గరికి వచ్చేసరికి కళ్లు నిండిపోయాయి. రెండు చేతులూ జోడించి, "నమస్కారమమ్..." అన్నాడు.

"ఆగండి!" అన్నారు దక్షిణామూర్తి గారు. "మేం పెట్టడానికే అనుమతి తీసుకున్నాం. తమరు బదులు పెట్టాలంటే అది ఇన్‌వార్డు, లోపలికొచ్చే తపాలు. సరైన మార్గం ద్వారా రావాలి."

విశ్వం నోరు మూసుకున్నాడు. జోడించిన చేతులు విడదీయాలో వద్దో తెలియక అలాగే ఉంచాడు. ఫొటోలో కూడా అలాగే పడ్డాడు.

నాలుగింటి నుంచి అయిదింటి దాకా అరవై రికార్డుల మీద సంతకాలు పెట్టాను. పైడితల్లి ఎడమ పేజీలో పెన్సిల్‌తో రాసిన అవుట్‌పుట్ చుట్టూ గీతల గడి కూడా గీసుకుంది. సంతకం ఆరేదాకా ఊదింది. రాత్రికే అమ్మకు ఫోన్ చేస్తానంది.

ఆ తరవాత పరీక్షలు జరిగాయి. రెండో ప్రోగ్రాము రెండు అంకెలను కలిపేది. వాటిని కలపడానికి వాటి సమ్మతి కావాలా వద్దా అన్నది పరిశీలనలో ఉంది.

ఫిబ్రవరిలో ఒకరోజు సింహాద్రి ల్యాబుకు ఒక కట్ట తెచ్చాడు. అరవై కవర్లు, కవరుకు ఏడేసి ముద్రలు, కామేశ్వరమ్మ గారి నంబర్లు వరసగా ఉన్నాయి. విశ్వం డిసెంబరు ఒకటినే రాసి ఇచ్చాడట, సరైన మార్గం ద్వారా రావడానికి ఇంతకాలం పట్టింది. పైడితల్లి కవరు చింపి నాకు వినిపించేలా చదివింది.

'మజ్జి పైడితల్లి గారికి, విశ్వం నమస్కరించి రాయునది. మీ నమస్కారం అందింది. మీ రికార్డు కోసం నీలం అట్ట తీసి ఉంచాను. వీలు చూసుకుని వచ్చి వేయించుకోగలరు.'

చదివి, కవరు మీద పేరు మళ్లీ చూసుకుంది.

"గారు అని నాకేనాండి?"

"పేరు నీదే కదా."

"మా పెదనాన్నకి సూపించాలండి" అంది.

మర్నాడు నీలం అట్ట వేసిన రికార్డు నా ముందు పెట్టింది. మొదటి ప్రోగ్రాము ఎడమ పేజీలో, పెన్సిల్‌తో గీసిన గడి కింద, ఆ ఉత్తరం అంటించి ఉంది. ప్రపంచాన్ని పలకరిస్తే బదులు వచ్చింది కాబట్టి అదీ అవుట్‌పుట్టే. దాని మీద కూడా సంతకం పెట్టాను. అనుమతి మాత్రం అడగలేదు.